ఎత్తు చూసి కుక్కను కొలవకండి: తిరుపతి అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు బహిరంగ లేఖ

అసోసియేషన్ ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన పోయిన నెల ఒక నోటీసు అతికించారు. మోకాలి ఎత్తు దాటిన కుక్కను ఇకపై ఎవరూ తెచ్చుకోకూడదట, ఇప్పటికే ఉన్న పెద్ద కుక్కలను లిఫ్టు ఎక్కించకూడదట, మెట్ల మీదే తీసుకెళ్లాలట, కాదంటే మెయింటెనెన్స్‌తో పాటు ఫైన్ కట్టాలట. బైరాగిపట్టెడలో, ఎయిర్ బైపాస్ రోడ్డులో, తిరుచానూరు రోడ్డులో ఉండే తెలిసినవాళ్లను అడిగితే వాళ్ల దగ్గరా ఇంచుమించు ఇదే మాట నడుస్తోందన్నారు. అందుకే ఈ లేఖ మా కమిటీ ఒక్కదానికే కాకుండా ఊళ్లో ఉన్న అన్ని అసోసియేషన్లకూ రాస్తున్నాను. మా కమిటీ వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు రోజూ కనిపించేవాళ్లే, పండక్కి మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్లేవాళ్లే. కానీ ఈ రూలు తప్పు. కుక్కను ఎత్తుతో కొలిస్తే ఫ్లాట్‌లో ఉండడానికి బాగా సరిపోయే కుక్కలే ముందు బయటికి పోతాయి. ముఖ్యంగా పని అయిపోయిందని ఎవరో వదిలేసిన, వయసొచ్చి నెమ్మదించిన కుక్కలు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో ఉన్నది చిప్పిపారై జాతి ఆడకుక్క, పేరు బంగారి. తమిళనాడు దక్షిణాది జిల్లాల్లో వేటకు పెంచిన జాతి అది. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, కోసుగా ఉండే మూతి. పలమనేరు వైపు ఒక మామిడి తోటలో కాపలాకి ఉండేది. తోట చేతులు మారింది, కొన్నవాళ్లు కంచె వేసి కెమెరాలు పెట్టుకున్నారు, కుక్క అక్కర్లేదన్నారు, తోట చూసుకునే ఆయన చూస్తే అద్దె గదిలో ఉంటాడు, తీసుకెళ్లే వీలు లేక బాధపడ్డాడు. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో పళ్లు చూసి సుమారు ఐదేళ్లుంటాయన్నారు. ఐదేళ్లు తోటంతా తిరిగిన కుక్క మూడు గదుల ఫ్లాట్‌లో ఎట్లా ఉంటుందని మా ఆయన టెన్షన్ పడ్డారు. నాకు మాత్రం ధైర్యం ఉంది. ఆ ధైర్యం మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటి నుంచి వచ్చింది.

వాళ్లింట్లో గ్రేహౌండ్ ఉంది. ఆ పేరు వినగానే మనకు పోలీసు దళం గుర్తొస్తుంది గానీ, నేను చెప్పేది పందేల్లో పరిగెత్తి రిటైరైన కుక్క గురించి. ఆస్ట్రేలియా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో గ్రేహౌండ్ పందేలు పెద్ద వ్యాపారం. ట్రాకు మీద బొమ్మ కుందేలు ముందు దూసుకుపోతుంటే ఆరో ఎనిమిదో కుక్కలు దాని వెనక పడతాయి, జనం వాటి మీద డబ్బు కాస్తారు. మరతో నడిచే బొమ్మను తరిమే ఈ ఆధునిక పందెం కాలిఫోర్నియాలో 1919లో మొదలై, 1926లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కి వచ్చింది. గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగం. పందెం అర నిమిషంలో అయిపోతుంది. కుక్క ఏడాదిన్నర వయసు నుంచి పరిగెడుతుంది, కాలు విరిగిందనో వేగం తగ్గిందనో చాలావాటిని మూడు నాలుగేళ్లకే దింపేస్తారు. గ్రేహౌండ్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే యజమానికి దానితో పని అయిపోయేనాటికి సగానికి పైగా ఆయుష్షు మిగిలే ఉంటుంది.

ఆ మిగిలిన బతుకు ఎక్కడ గడవాలన్నదే ఆ దేశాల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న గొడవ. ఒకప్పుడు దింపేసినవాటిని చంపేయడం మామూలుగా జరిగేది. జనం ఊరుకోలేదు, దత్తత ఇచ్చే సంస్థలు పుట్టాయి, కొన్నిచోట్ల పందేలే మూతపడ్డాయి. మకావ్‌లో ట్రాకు 2018లో మూసేసినప్పుడు ఐదు వందలకు పైగా కుక్కలు మిగిలిపోతే వాటికి ఇళ్లు వెతికి రకరకాల దేశాలకు పంపారు. ఫ్లోరిడాలో 2018లో జనం ఓటేసి పందేలు వద్దన్నారు, 2020 చివరికల్లా అక్కడి ట్రాకుల్లో పరుగులు ఆగిపోయాయి. న్యూజిలాండ్ కూడా ఆపేస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది. ట్రాకు దిగిన కుక్కలు వేలకొద్దీ మామూలు ఇళ్లల్లోకి, ఫ్లాట్లలోకి వెళ్లాయి. అన్నీ మన నోటీసు వద్దన్న ఎత్తున్నవే.

చెల్లెలి వాళ్ల కుక్కకు జున్ను అని పేరు పెట్టారు. పుట్టినప్పటి నుంచి కెన్నెల్, వ్యాను, ట్రాకు తప్ప అది ఇల్లు చూసింది లేదు. మెట్లంటే తెలీదు. గాజు తలుపుకి ముక్కు కొట్టుకునేది, మిక్సీ వేస్తే మూలకు పోయి నిలబడేది, అద్దంలో తనను తాను చూసుకుని వెనక్కి నడిచేది. మెట్లు నేర్పడానికి మా మరిది వెనక కూర్చుని దాని ఒక్కో కాలూ చేత్తో పట్టి పై మెట్టు మీద పెట్టేవాడు. వీడియో కాల్‌లో చూస్తూ మా అమ్మ, "పసిపిల్లకు అడుగులు నేర్పినట్టే ఉంది కదే" అంది. అయితే ఆ కుక్క వాళ్లింటికి నేరుగా ట్రాకు మీద నుంచి రాలేదు. ముందు స్వభావం చూస్తారు. చిన్న కుక్క ఎదురుపడితే ఏం చేస్తోంది, కొత్త మనిషి ముట్టుకుంటే ఊరుకుంటోందా, తిండి తింటుండగా దగ్గరికి వెళితే ఎలా ఉంటోంది. కొన్నాళ్లు ఫాస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా చూసుకునేవాళ్ల ఇంట్లో ఉంచి ఇంటి అలవాట్లు నేర్పుతారు. పిల్లిని చూసి ఆగలేని కుక్కను పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వరు. ఇంటికి తగ్గ కుక్కను, కుక్కకు తగ్గ ఇంటిని చూసి కలుపుతారు. ఎత్తు ఎంతని ఎవరూ టేపు పట్టుకుని కొలవరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. విక్టోరియా రాష్ట్రంలో పెంపుడు గ్రేహౌండ్‌ను బయటికి తెస్తే మూతికి చిక్కం కట్టాలని చట్టం ఉండేది. 2019 నుంచి ఆ చట్టం తీసేశారు, లీష్ (మెడకు కట్టి పట్టుకునే తాడు) మాత్రం తప్పనిసరిగా ఉంచారు. జాతి పేరు చూసి చిక్కం బిగించే బదులు, పట్టుకున్న మనిషి లీష్ వదలకుండా ఉంటే చాలన్న చోటికి వచ్చారన్నమాట. మనం కూడా అక్కడికే రావాలని నా కోరిక.

అంత వేగంగా పరిగెత్తే కుక్క ఇంట్లో గంతులేసి సామాను పగలగొడుతుందని అందరూ అనుకుంటారు. దాని ఒళ్లు అర నిమిషం పరుగు కోసం తయారైంది, పూటంతా తిరగడానికి కాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నడిపిస్తే మిగతా రోజంతా నిద్రే. మొరగడం చాలా తక్కువ. జాగ్రత్తలు లేకపోలేదు. ఒంటి మీద కొవ్వు ఉండదు, చర్మం పల్చన, కాబట్టి చలికి ఆగలేదు, చిన్న ముల్లు గీరినా తోలు లేచిపోతుంది. కొన్ని రకాల మత్తుమందులు దాని ఒంట్లోంచి మెల్లగా దిగుతాయి, అందుకే ఆపరేషన్‌కి ముందు ఇది గ్రేహౌండని డాక్టరుకు గుర్తుచేయాలి. వీటిలో చాలావాటి రక్తం మిగతా కుక్కలకూ సరిపోతుంది కాబట్టి జంతువుల ఆసుపత్రులు రక్తదానానికి వీటిని పిలుస్తాయి.

ఇదంతా మెల్‌బోర్న్ సంగతి, తిరుపతికేం సంబంధం అంటారేమో. మన దగ్గర అలాంటి ట్రాకులు లేవు, రిటైరైన గ్రేహౌండ్ మీ గేటు ముందుకు రాదు. వచ్చేది చిప్పిపారై, కన్ని, ముధోల్, ఇంచుమించు గ్రేహౌండ్ ఒళ్లే ఉన్న మన దక్షిణాది వేటకుక్కలు. మనకు ఒకపక్క తమిళనాడు, ఇంకోపక్క కర్ణాటక, అందుకే తోటల దగ్గర ఇవి కనిపిస్తూనే ఉంటాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేళ్ల వేట నేరం. ఇప్పుడు కాపలాకో, ముచ్చటకో పెంచుతున్నారు, ఆ ముచ్చట తీరాక లేదా భూమి అమ్మాక కుక్క ఏమైందని అడిగే దిక్కు లేదు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉందని వేలు పోసి కొని, ఒక ఎండాకాలం గడిచేసరికి ఎవరికైనా ఇచ్చేద్దామని తిరిగే లాబ్రడార్ల వాళ్లు, హస్కీల వాళ్లు కూడా మనకు కొత్త కాదు. మే నెల తిరుపతి ఎండలో హస్కీ ఎట్లా బతుకుతుందో కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. స్టేషన్లలో, గుళ్ల దగ్గర వాసన చూసి బాంబులు వెతికే డాగ్ స్క్వాడ్ కుక్కలూ ఎనిమిదేళ్లో పదేళ్లో వచ్చేసరికి రిటైరవుతాయి. ఇవన్నీ పెద్ద కుక్కలే. వీటిలో ఒక్కదానికీ మోకాలి ఎత్తు రూలుతో ఇల్లు దొరకదు.

బంగారిని తెచ్చిన కొత్తలో అది కారిడార్ గ్రానైట్ మీద నడవలేకపోయింది. తోట మట్టిలో తిరిగిన గోళ్లు నున్నటి రాయి మీద పట్టు దొరక్క టకటకమని జారి, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు పోయేవి, అక్కడే కూలబడి నా మొహం చూసేది. గుమ్మం నుంచి లిఫ్టు దాకా కొబ్బరిపీచు పట్టాలు వరసగా పరిచి, ప్రతి పట్టా మీదా ఉడికించిన చికెన్ ముక్క పెట్టి నడిపించాను. పోను పోను ఒక్కో పట్టా తీసేశాను. ఇప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకోగానే వెనక మూలకు వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడుతుంది, మా అంతస్తు వచ్చేదాకా కదలదు. లోపల ఎవరైనా ఉంటే నేను ఎక్కను, మళ్లీ వచ్చేదాకా ఆగుతాను. మెట్ల మీద తీసుకెళ్లమని నోటీసులో రాసినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. దాని వెనక కాలు ఎప్పుడో విరిగి అతుక్కుంది, ఆ మాట పక్కన పెట్టండి. సాయంత్రం ఆరింటికి మన మెట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, ట్యూషన్‌కి దిగే పిల్లలు, కూరగాయల సంచులతో ఎక్కేవాళ్లు. కుక్కంటే భయమున్న మనిషికి ఇరుకు మెట్ల మలుపులో కుక్క ఎదురైతే తప్పుకునే చోటేది? లిఫ్టయితే భయమున్నవాళ్లకీ, కుక్కకీ, నాకూ అందరికీ మేలు.

అది మొరిగేది కూడా తక్కువే. "ఏం మేడం, కుక్కను ఊరికి పంపించేస్తిరా, సద్దే లేదే" అని మా వాచ్‌మన్ అన్న ఒకరోజు అడిగాడు. అప్పుడది హాల్లో దివాన్ మీద వెల్లకిలా పడి, కాళ్లు గాల్లో పెట్టి నిద్రపోతోంది. రాగి సంగటి, గుడ్డు, కాస్త చికెన్ దాని తిండి. ఎండాకాలం ఆరులోపు, మళ్లీ చీకటిపడ్డాక నడక, ఎందుకంటే తారు కాలితే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. ధనుర్మాసంలో కొండ మీద నుంచి చలి దిగితే దుప్పటి కప్పాలి, లేకపోతే వణుకుతుంది. నిద్రలో ఉన్నప్పుడు ఎవరూ మీద చెయ్యి వేయకూడదు, పేరు పెట్టి పిలిచి లేపాలి. జున్ను గురించి చెల్లెలు చెప్పిన జాగ్రత్త ఇది, మా ఇంటికొచ్చే పిల్లలందరికీ ముందే చెబుతాను. పార్కింగ్‌లో పిల్లి కదిలితే మాత్రం బంగారి ఒళ్లు బిగుసుకుపోతుంది, మెడ ముందుకు చాస్తుంది, మనం పిలిచేది వినపడదు. కళ్లతో వేటాడే జాతి, ఆ గుణం ఎక్కడికీ పోదు. అందుకే గుమ్మం దాటితే లీష్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయనివ్వను.

ఇక భయపడేవాళ్ల మాట. వాళ్ల భయం తేలిగ్గా తీసుకునేది కాదు. మా ఎదురు ఫ్లాట్‌లో పెద్దాయన చేతిలో కర్ర లేకుండా గేటు దాటరు, వీధిలో ఒక కుక్క ఆయన పిక్క పట్టేసింది. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. కరిస్తే వెంటనే పావుగంట పాటు కారే నీళ్ల కింద సబ్బుతో పుండు కడగాలి, పసరు, కారం, సున్నం లాంటివి పూయకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి చివరి డోసు దాకా వేయించుకోవాలి. మీ నోటీసు బోర్డు మీద ఈ రెండు ముక్కలు రాసిపెట్టినా ఒక ప్రాణం నిలబడొచ్చు. ఎత్తు నిబంధన వల్ల ఆ పెద్దాయనకు ఒరిగేదేమీ లేదు. టీకా పడని చిన్న పామరేనియన్ కుక్క కరిచినా ఆ ప్రమాదం అంతే. ఆయనకు కావాల్సింది మన అపార్ట్‌మెంట్‌లో ప్రతి కుక్కకూ ఏటా టీకా పడుతోందన్న నమ్మకం, ఏ కుక్కా లీష్ లేకుండా ఎదురుకాదన్న భరోసా.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి, ఎవరినీ బెదిరించడానికి కాదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే అసోసియేషన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీతో తీర్మానం చేసినా, బైలాలు మార్చుకున్నా పెంపుడు కుక్కలను నిషేధించకూడదు, సైజును బట్టి ఒప్పుకోవడం, వద్దనడం కుదరదు, లిఫ్టు వాడొద్దనకూడదు, అందుకని అదనంగా డబ్బు అడగకూడదు. అదే కాగితంలో పెంచేవాళ్లకూ చెప్పింది: టీకాలు వేయించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, బయట లీష్ పట్టుకోండి, కుక్క వేసింది మీరే తీయండి, రాత్రిళ్లు మొరుగుడుతో పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకండి. ఈ రెండో సగం మనలో చాలామంది చదవరు. పొద్దున్నే ఎదుటివాళ్ల గేటు ముందు కుక్కను నిలబెట్టి ఫోన్ చూసుకుంటూ ఉండేవాళ్ల వల్లే ఇలాంటి నోటీసులు పుడుతున్నాయి. కుక్కలు పెంచే మా అందరికీ నా విన్నపం, చేతిలో పాత పేపరు, ఒక కవరు లేకుండా ఇంట్లోంచి బయటికి రాకండి. ఇంకొకటి, పెంచుకున్న జంతువును తిండి లేక అలమటించేలా వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం. "పెద్ద కుక్కలను పంపించేయండి" అని కమిటీ ఒత్తిడి చేస్తే ఆ కుక్కలు ఎక్కడ తేలతాయో అందరికీ తెలుసు. బైపాస్ పక్కన. వీధికుక్కలు ఎక్కువయ్యాయని బాధపడేది మళ్లీ మనమే.

2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, కుక్కలను దత్తత తీసుకోదలచినవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. దత్తతకు కోర్టు తలుపు తెరిచి ఉంచినప్పుడు గేటు దగ్గర మనం మూసేస్తే ఎలా?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎత్తు, జాతి మాటలు తీసేసి, వాటి స్థానంలో నడవడికను పెట్టండి. ప్రతి కుక్కకూ ఏటా టీకా కార్డు కాపీ ఆఫీసులో ఇవ్వాలి. సెల్లార్‌లో, కారిడార్‌లో, లిఫ్టులో లీష్ ఉండాలి. వేసింది తీయకపోతే కమిటీ మొహమాటపడకుండా ఆ ఫ్లాట్ పేరు మీటింగులో చదవాలి. పిల్లలు కింద ఆడుకునే వేళ కాకుండా నడక వేళలు అందరం కూర్చుని అనుకుందాం. ఎవరైనా వయసొచ్చిన కుక్కను తెచ్చుకుంటామంటే ఒక నెల చూద్దామనండి. గ్రేహౌండ్లను ఇచ్చేవాళ్లు చేసే పని అదే కదా, ముందు చూసి తర్వాత నిర్ణయిస్తారు. మూడు నెలల పిల్ల పెద్దయ్యాక ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పలేరు, ఐదేళ్ల కుక్క మొరిగేదో, మీద పడేదో, పిల్లలతో ఎలా ఉంటుందో వారంలో మీకే తెలిసిపోతుంది. ఆ నెలలో గొడవైతే తెచ్చినవాళ్లే వేరే ఇల్లు వెతికి అప్పగించాలని రాయించుకోండి, నేను మొదటి సంతకం పెడతాను.

ఈ ఆదివారం సాయంత్రం మా జనరల్ బాడీకి నేను పైన అడిగిన ఈ కొత్త రూలు తెలుగులో టైపు చేయించి తెస్తున్నాను, జంతు సంక్షేమ మండలి కాగితం కూడా జతచేస్తాను. మిగతా అసోసియేషన్ల వాళ్లకు కాపీ కావాలంటే మా వాచ్‌మన్ గదిలో ఉంచుతాను, తీసుకెళ్లండి. తోట నుంచో, వీధి నుంచో పెద్ద వయసు కుక్కను తెచ్చుకోవాలని ఉండి గ్రానైట్, లిఫ్టు చూసి వెనకాడుతున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, పట్టాలు నా దగ్గరే ఉన్నాయి, మొదటి వారం నేనే వచ్చి నడిపిస్తాను.

ఇట్లు,
మూడో అంతస్తులో ఉండే బంగారి వాళ్లమ్మ,
తిరుపతి